చలువరాతి మెరుపు ఎవరి ఊపిరితో?

మన పత్రికలో కరువు భత్యం గురించి, పింఛను గురించి, భర్తీ కాని పోస్టుల గురించి వ్రాయటం ఆనవాయితీ. ఈ సంచికలో నేను ఒక గచ్చు గురించి వ్రాయదలచాను. ఇది చిన్న విషయమని తోసిపుచ్చక, చివరివరకు చదవవలసిందిగా ప్రార్థన. ఇందులో ముద్దాయి యాజమాన్యం ఒక్కటే కాదు. మనమూ ఉన్నాము.

ఇటీవల సంఘం పని మీద టాటానగర్ వెళ్లినప్పుడు, రైల్వేలో పదవీ విరమణ చేసిన ఒక పాత సహచరుని ఇంట భోజనానికి ఆగాను. ఆయన ఇల్లు జంషెడ్‌పూర్‌లో సీతారామ్‌డేరా పక్కనున్న భాలుబాసాలో ఉన్నది. విరమణ సొమ్ముతో పరిపించుకున్న చలువరాయి ఇరవై ఏళ్ల రాకపోకలకు అరిగి, గీతలు పడి, మసకబారినది. మనుమరాలి పెళ్లి దగ్గర పడినందున దానికి మళ్లీ పాలిష్ పెట్టిస్తున్నారు. గుమ్మం దాటేసరికి పిండిమరలోకి అడుగు పెట్టినట్లయినది. నడిగదిలో పెద్ద యంత్రం పని అయిపోయి నేల ఆరుతున్నది. మేడమెట్ల మీద మాత్రం ముప్పై ఏళ్లు నిండని ఒక యువకుడు చేతి గ్రైండరుతో అంచులను పొడిగానే అరగదీస్తున్నాడు. మూతికి ఒక చేతిరుమాలు కట్టుకున్నాడు. కనుబొమలు, కనురెప్పలు తెల్లబడి డెబ్బై ఏళ్ల ముసలివానివలె ఉన్నాడు. తాత కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం వారిది.

"నీళ్లు పోసుకోకూడదా నాయనా?" అని అడిగాను.

"కింద పోసినాం బాబూ. ఇక్కడ పోస్తే గోడల రంగు పాడైపోతాదని ఇంటోళ్లు వద్దన్నారు. బురద ఎత్తి మొయ్యడానికి ఇంకో మనిషి కావాల. మాకు అడుగు లెక్కన కూలి. బురదకి డబ్బులు ఎవులిస్తారు?"

"దగ్గు వస్తున్నదా?"

"దగ్గు నేనోడెవుడు బాబూ, ఈ పనిలో!"

ఆ గోడల రంగు పాడవుతుందని నీళ్లు వద్దన్నవారు పెట్టుబడిదారులు కారు. 1974 మే సమ్మెలో ఉద్యోగం నుంచి తొలగింపబడి, 1977లో తిరిగి విధుల్లో చేరిన మన సహచరుడే. నాతో కలిసి ఎన్నో గేటు మీటింగులలో నినాదాలు ఇచ్చినవాడే. నేను మాత్రం చేసినదేమిటి? ఆయన వడ్డించిన భోజనం చేసి, ఆ మెట్ల పక్కనుంచే దిగి వచ్చాను. స్టేషనుకు చేరిన తరువాత గాని నోరు పెగలలేదు. ఈ వ్యాసం ఆ ఆలస్యానికి ప్రాయశ్చిత్తం.

పని ఎట్లా జరుగుతుంది?

చలువరాయి మెత్తని రాయి. రాళ్ల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో దాని స్థానం సుమారు 3. మన చెప్పుల కింద వచ్చే ఇసుక రేణువు స్థానం 7. కనుక నడిచిన ప్రతి అడుగూ ఆ నేలకు గీతే. అరిగిన నేలను తిరిగి మెరిపించటమంటే పైన పూత పూయటం కాదు. గీతల లోతు వరకు రాతినే అరగదీసి, కొత్త ముఖం బయటకు తేవటం. మొదట 60 నెంబరు కార్బోరండం రాయితో ముతకగా అరగదీస్తారు. రంగు కలిపిన తెల్ల సిమెంటుతో అతుకులు, గుంటలు పూడుస్తారు. ఆరిన తరువాత 120 నెంబరుతో, ఆపైన 320, 400 నెంబర్లతో సాన పడతారు. చివర ఆక్సాలిక్ ఆమ్లం చల్లి రుద్దుతారు. వజ్రపు పొడి అతికిన బిళ్లలు వచ్చిన తరువాత ఈ మెట్లు ఇంకా పెరిగినవి, నునుపూ పెరిగినది. పని చేసేవాడి భద్రత మాత్రం పెరగలేదు.

కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశాల గ్రంథం తెరిచి చూడండి. నేలను తడిపి అరగదీయాలని అందులో ఉన్నది. ఆక్సాలిక్ ఆమ్లం చదరపు మీటరుకు 33 గ్రాములు వాడాలని కూడ ఉన్నది. నేలకు ఎంత ఆమ్లం కావాలో గ్రాములలో తూచిన ప్రభుత్వానికి, ఆ పని చేసేవాడి ముక్కుకు ఏమి కావాలో తూచే ఓపిక టెండరు కాగితంలో కనిపించదు. నీళ్లు పోయాలన్న షరతు పుస్తకంలో ఉంటుంది. బురద ఎత్తే కూలి రేటులో ఉండదు. అందుచేతనే పెద్ద యంత్రం తిరిగేచోట నీళ్లుంటాయి. అంచుల వద్ద, మూలల వద్ద, మెట్ల మీద, చేతి గ్రైండరు తిరిగేచోట పొడి దుమ్ము లేస్తుంది. మనిషి ముఖం రాతికి అతి దగ్గరగా ఉండేది కూడ అక్కడే.

సగం నిజం, సగం మోసం

ఈ మాట ఎత్తగానే ఇంజనీరింగు విభాగంలో ఒక పెద్దమనిషి నాకు శాస్త్రం బోధించాడు. "చలువరాయి అంటే కాల్షియం కార్బొనేటు. అందులో సిలికా బహు తక్కువ. సిలికోసిస్ రావటానికి అది క్వార్ట్జ్ రాయి కాదు" అన్నాడు.

ఆయన చెప్పినది నిజమే. శుద్ధమైన చలువరాతి దుమ్ము క్వార్ట్జ్ దుమ్మంతటి విషం కాదు. కాని ఆ కార్మికుడు చలువరాతి కార్మికుడు అని ఎవరు ముద్ర వేశారు? ఈ రోజు భాలుబాసాలో చలువరాయి. రేపు ఒక బ్యాంకులో గ్రానైటు. ఎల్లుండి ఒక స్టేషనులో సిమెంటు గచ్చు. అదే యంత్రం, అదే చేతిరుమాలు, అదే ఊపిరితిత్తులు. గ్రానైటులో సామాన్యంగా ఐదో వంతుకు తగ్గని క్వార్ట్జ్ ఉంటుంది. సిమెంటు గచ్చులో ఇసుక ఉంటుంది. ఇసుక అంటే సిలికాయే. ఈ మధ్య వంటగదుల గట్లకు వాడుతున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకలలో నూటికి తొంభై పాళ్ల వరకు సిలికా ఉండవచ్చు. వాటిని కోసి, సాన పట్టిన యువ కార్మికులు రోగగ్రస్తులైనందున ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకలనే నిషేధించినది.

సిలికోసిస్ ఎట్లా చంపుతుందో ప్రతి సభ్యుడూ తెలుసుకోవాలి. కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులోనే ఆగుతుంది. కంటికి కనిపించని సూక్ష్మ రేణువు ఊపిరితిత్తుల చివరి తిత్తుల వరకు పోతుంది. శరీరం దానిని కరిగించుకోలేదు, బయటకు నెట్టలేదు. దాని చుట్టూ మచ్చ కడుతుంది. మచ్చలు కలిసిపోయి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. పని మానినా మచ్చ ఆగకపోవచ్చు. నయం చేసే మందు లేదు. క్షయ సోకే అవకాశం పెరుగుతుంది. చాలామంది పేదలకు క్షయ అని పేరు పెట్టి, సిలికోసిస్ మాట ఎత్తకుండానే పంపివేస్తారు. స్ఫటిక సిలికా ధూళి క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1997లోనే నిర్ధారించినది.

ఇది దూరదేశపు కథ కాదు. భాలుబాసా ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనే, ముసాబని, ధాల్‌భూమ్‌గఢ్ ప్రాంతాలలో క్వార్ట్జ్ రాతిని పిండి చేసే కార్ఖానాలు నడిచినవి. లోహం కరిగించే కొలిమిల లోపలి పూతకు ఆ పిండి వాడతారు. అక్కడ పనిచేసిన ఆదివాసీ, పేద కార్మికులు సిలికోసిస్‌తో మరణించారు. పరిహారం కోసం వారి కుటుంబాలు ఏళ్ల తరబడి తిరగవలసి వచ్చినది. 1912లో ఎనిమిది గంటల పనిదినం అమలైన ఊరని జంషెడ్‌పూర్ గురించి గర్వంగా చెప్పుకుంటాము. ఆ గర్వం న్యాయమైనదే. కాని పట్టీలో పేరు లేనివాడికి ఆ 1912 ఇంకా రాలేదు.

రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ఈ ధూళి రోగాలపై ఒక విధానం ప్రకటించి, రోగం ధ్రువపడిన కార్మికునికి, మరణించినవాని కుటుంబానికి సాయం ఏర్పరచినది. మక్రానా చలువరాయి పుట్టిన రాష్ట్రం అది. గనిలో రాయి తీసినవాడిని అక్కడ గుర్తించారు. అదే రాయిని మన గుమ్మం ముందు మెరిపించేవాడిని గుర్తించే బాధ్యత ఎవరిది?

ఆమ్లం పోసేది వారే, పాలిష్ టెండరు పిలిచేది వారే

ఇంటి సంగతి అటుంచి, మన కార్యాలయాల సంగతికి వస్తాను. నేను ఉద్యోగంలో చేరిన రోజులలో ఒక పెద్ద కార్యాలయపు నేల నాకు బాగా గుర్తు. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. శాశ్వత సఫాయీ ఉద్యోగులు ఇద్దరు తెల్లవారుజామునే వచ్చి, ముందు పొడి చీపురుతో ఇసుక తీసి, తరువాత తడిగుడ్డ పెట్టేవారు. వర్షాకాలంలో గుమ్మం వద్ద గోనెపట్టా పరిచేవారు. ఆ నేల దశాబ్దాలు చెడలేదు. వారు విరమించిన తరువాత ఆ పోస్టులను రద్దు చేశారు. కాంట్రాక్టు వచ్చినది. కాంట్రాక్టరు ఒక్క మనిషిని మూడు అంతస్తులకు పెట్టాడు. ఆ మనిషికి రుద్దే వ్యవధి లేదు. మరకలు త్వరగా పోవటానికి ఘాటైన ఆమ్లం పోయమన్నారు.

చలువరాతిపై ఆమ్లం పడితే బుసబుస పొంగుతుంది. ఆ పొంగు మురికి పోతున్న గుర్తు కాదు. రాయి కరిగి, బొగ్గుపులుసు వాయువుగా లేచిపోతున్న గుర్తు. మూడేళ్లలో ఆ నేల కుష్ఠు సోకినట్లయినది. అప్పుడు "పునరుద్ధరణ" పేరుతో లక్షల టెండరు పిలిచారు. కొత్త కాంట్రాక్టరు వచ్చి, దుమ్ము రేపి, నేలను అద్దంలా చేసి, బిల్లు తీసుకొని పోయాడు. మరుసటి వారం నుంచి అదే ఆమ్లం మళ్లీ మొదలయినది.

సోదరులారా, ఇందులోని లెక్క గమనించండి. రెండు పోస్టులు రద్దు చేసి పొదుపు చేశామని ఒక శాఖ నివేదిక వ్రాసినది. ఆ పోస్టుల జీతం మరొక శాఖలో టెండరు రూపంలో ఖర్చయినది. మధ్యలో ఉద్యోగం పోయినది, రాయి పోయినది, ఒకరి ఊపిరి కూడ పోయినది. మిగిలినది కాంట్రాక్టరు లాభం మాత్రమే. అరగదీసిన ప్రతిసారీ రాతి మందం తగ్గుతుంది. ఏ నేలకూ లెక్కలేనన్ని పాలిష్‌లు లేవు. దీనినా పొదుపు అంటారు?

చట్టం ఎటు నడిచినది?

1970 కాంట్రాక్టు కార్మిక చట్టం, ప్రభుత్వం తలచుకుంటే ఆయా పనులలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారం ఇచ్చినది. ఆ అధికారంతోనే కేంద్రం 1976 డిసెంబరు 9న, తన పరిధిలోని సంస్థల భవనాలలో ఊడ్చటం, శుభ్రపరచటం, దుమ్ము దులపటం, కాపలా పనులకు కాంట్రాక్టు కార్మికులను నిషేధించినది. అట్లా నిషేధించినచోట ఆ కార్మికులు అసలు సంస్థ ఉద్యోగులే కావాలని సుప్రీంకోర్టు 1996లో ఎయిరిండియా కేసులో అన్నది. 2001 ఆగస్టు 30న ఉక్కు ప్రాధికార సంస్థ కేసులో అదే న్యాయస్థానపు విస్తృత ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి, 1976 నోటిఫికేషనును కూడ రద్దు చేసినది. మన భవనాలలో చీపురు చేతులు మారటానికి ఆ రోజుతో దారి పూర్తిగా తెరచుకున్నది.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చినవి. 1970 చట్టం 20 మంది ఉన్నచోట వర్తించేది. వృత్తి భద్రతా కోడ్‌లోని కాంట్రాక్టు కార్మికుల అధ్యాయం 50 మంది ఉంటేగాని వర్తించదు. సంస్థ ప్రధాన కార్యకలాపాలలో కాంట్రాక్టు వద్దని ఒక చేత్తో వ్రాసి, పారిశుద్ధ్యం, నిర్వహణతో కూడిన సివిల్ పనులు సామాన్యంగా ప్రధాన కార్యకలాపాలు కావని రెండో చేత్తో వ్రాశారు. నలుగురైదుగురు మనుషులతో తిరిగే పాలిష్ ముఠా ఈ లెక్కలలో ఎక్కడ చిక్కుతుంది? జల్లెడ కన్నాలు పెద్దవి చేసి, రాళ్లు జారిపోతున్నవని ఆశ్చర్యపోవటం మన పాలకులకు అలవాటే. సిలికోసిస్ వృత్తి వ్యాధుల పట్టికలో ఇప్పటికీ ఉన్నది. పట్టికలో రోగం పేరు ఉన్నది. రోగి పేరే ఏ పట్టీలోనూ లేదు.

"వారు మన సభ్యులు కారు"

ఇక మనలో మనం మాట్లాడుకోవలసిన మాట. ఈ సమస్య ఒక బ్రాంచి సమావేశంలో ప్రస్తావించినప్పుడు ఒక యువ కార్యదర్శి లేచి, "వారు చందా కట్టరు, ఓటు వేయరు. మన సమస్యలే తీరటం లేదు, ఊరి సమస్యలు ఎందుకు?" అన్నాడు. కొందరు చప్పట్లు కూడ కొట్టారు.

ఆ చప్పట్లకు చరిత్ర ఏమి సమాధానం చెబుతుందో వినండి. మన తెలుగువాడు వి.వి.గిరి 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించారు. ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, టాటానగర్, వాల్తేరు అన్నీ ఆ రైలు మార్గపు ఊళ్లే. ఆ పోరాటం దేనికోసం? ఉద్యోగం నుంచి తీసివేయబడిన కార్మికుల కోసం. పట్టీలోంచి పేరు కొట్టివేయబడినవారి కోసం పట్టీలో ఉన్నవారు నిలబడ్డారు. "వారు ఇక మన సభ్యులు కారు" అని ఆనాటివారు అనుకొని ఉంటే, మనకు చెప్పుకోవటానికి చరిత్ర ఉండేది కాదు.

రైల్వేలో క్యాజువల్ కార్మికుల సంగతి మరచిపోయారా? వారి పేరూ ఒకనాడు ఏ రిజిస్టరులోనూ లేదు. 1985లో సుప్రీంకోర్టు ఆదేశంతో ప్రాజెక్టు క్యాజువల్ కార్మికులను దశలవారీగా తీసుకొనవలసి వచ్చినది. ఈ పత్రిక చదివే గ్యాంగుమెన్ కుటుంబాలలో ఎందరి తండ్రులు ఆ దారిన వచ్చినవారో లెక్క వేసుకోండి. తపాలాశాఖలో ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ సిబ్బందిని, నేటి గ్రామీణ డాక్ సేవకులను, "శాఖలో ఉండి శాఖకు చెందనివారు"గా ఎన్నాళ్లు చూశాము? వారివి సివిల్ పోస్టులేనని సుప్రీంకోర్టు 1977లో చెప్పినది. వారి పూర్తి హక్కుల పోరాటం ఇంకా సాగుతూనే ఉన్నది. ఒకనాడు బయటివారన్నవారే నేడు మన బలం. గీత గీసినవాడు యజమాని. ఆ గీతను మనం కాపలా కాయటం సిగ్గుచేటు.

ఏమి చేయాలి?

కన్నీటి వ్యాసం వ్రాసి చేతులు దులుపుకోవటం నా ఉద్దేశ్యం కాదు. మన చేతిలో సాధనాలున్నవి. రైల్వేలో పి.ఎన్.ఎం. ఉన్నది, కేంద్ర ఉద్యోగులందరికీ జె.సి.ఎం. ఉన్నది. ప్రతి బ్రాంచి తదుపరి సమావేశపు అజెండాలో ఈ క్రింది కోర్కెలు చేర్చవలసిందిగా కోరుతున్నాను.

1. మన భవనాలలో, స్టేషన్లలో ఏ నేలనైనా అరగదీసేటప్పుడు, చేతి గ్రైండరు పనితో సహా, నీరు గాని, దుమ్మును అక్కడికక్కడే పీల్చే యంత్రం గాని తప్పనిసరి కావాలి. అమెరికాలో 2016 నాటి నిబంధనలు ఇదే అడుగుతున్నవి. ఇది అందని చందమామ కాదు.

2. బురద ఎత్తే కూలి టెండరులో విడి పద్దుగా ఉండాలి. ఆ పద్దు లేని టెండరు పొడి దుమ్ముకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రమే.

3. చేతిరుమాలు ముసుగు కాదు. సూక్ష్మ ధూళిని ఆపే ముసుగు, కళ్లద్దాలు, ఆమ్లం పనికి చేతితొడుగులు కాంట్రాక్టరు ఇవ్వాలి. ఇచ్చినట్లు పర్యవేక్షకుడు సంతకం చేయాలి. తడినేల మీద విద్యుత్ యంత్రం నడిపేచోట, కరెంటు లీకయితే సరఫరాను తక్షణమే ఆపే ఈఎల్‌సీబీ ఉండాలి.

4. పనిచేసే ప్రతి మనిషి పేరు గేటు రిజిస్టరులో ఉండాలి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు, ఏటా ఛాతీ ఎక్స్‌రే ఉన్నట్లు చూపనిదే బిల్లు చెల్లించరాదు.

5. చలువరాతిపై, మొజాయిక్‌పై ఆమ్లం వాడకం నిలిపివేయాలి. గుమ్మాల వద్ద పట్టాలు పరచాలి. రద్దు చేసిన సఫాయీ పోస్టులను పునరుద్ధరించి భర్తీ చేయాలి. నేలను కాపాడే అసలు యంత్రం ఆ ఉద్యోగి చేతిలోని తడిగుడ్డ.

ఆరవది యాజమాన్యానికి కాదు, మనకు. మన ఇంట్లో పాలిష్ పెట్టించుకునేటప్పుడు బేరం ఆడే ముందు, "నీళ్లతోనే చేయాలి, బురద ఎత్తే కూలి నేనిస్తాను, ముసుగు లేకపోతే పని మొదలు పెట్టవద్దు" అని చెప్పండి. గోడ రంగు చెడితే మరల వేసుకోవచ్చు. ఊపిరితిత్తికి రెండో పూత లేదు.

భాలుబాసా సహచరునికి తిరిగి వచ్చిన తరువాత ఉత్తరం వ్రాశాను. నొచ్చుకుంటారేమో అనుకున్నాను. పది రోజులకు జవాబు వచ్చినది. మిగిలిన మెట్లకు నీళ్లు పోయించారట. గోడల అడుగున రెండడుగుల మేర రంగు చెడినదట. పెళ్లికి మళ్లీ వేయించారట. ఆ యువకుణ్ణి తానే ఆసుపత్రికి తీసుకుపోయి ఎక్స్‌రే తీయించారట. చివర ఒక వాక్యం వ్రాశారు: "అన్ని గేటు మీటింగులు పెట్టాను గాని, మా గుమ్మంలో ఒకటి పెట్టవలసి ఉంటుందని ఎన్నడూ తోచలేదు."

సోదర ఉద్యోగులారా, తదుపరి గేటు మీటింగు మన గుమ్మంలోనే మొదలు పెడదాము. పట్టీలో పేరున్నవాడు, లేనివాడు ఒక్కటై నిలిచిననాడే ఈ గీత చెరుగుతుంది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!